జయదేవ్ పేరు పెట్టవలసిన జీవి

డిండోలి, సూరత్
12 జూన్ 2024

వదినగారికి,

ఇందుజ నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. ఫోన్‌లో నా మాటలు సగం కూడా వినబడటం లేదని, ఇకమీదట ఉత్తరాలే రాసుకుందామని మీరంటే మొదట బెంగపడ్డాను. పెన్ను పట్టి ఎన్నేళ్లయింది! కోడిగీతలు కనబడితే క్షమించండి. జీవితమంతా పోస్టాఫీసులో గడిపారు కాబట్టి ఇంతకన్నా ఘోరమైన రాతలు మీకు అలవాటే అనుకుంటాను.

మీ తమ్ముడు పోయాక హజీరాలో కంపెనీ క్వార్టర్ ఖాళీ చెయ్యమన్నారని చెప్పాను కదా. ఇప్పుడు డిండోలిలో ఒక మేడమీద గదిలో ఉంటున్నాను. కింద మగ్గాల కార్ఖానాలో పనిచేసే తెలంగాణవాళ్లు ఉన్నారు. పగలు ల్యాబులో మిల్లులనుంచి వచ్చే రంగునీళ్లు పరీక్ష చేస్తాను. ఎర్రవి, పచ్చవి, ఒక్కోసారి ఏ రంగో చెప్పలేనివి. ఆదివారమైతే నోరు తెరిచే పనే ఉండదు.

అసలు విషయం చెబుతాను. ఆయన సముద్రం అడుగు సర్వే చేసే ఓడలో పనిచేసేవారు కదా. ఆ ఓడవాళ్లకి కావలసింది అడుగునుండే బురద. బురదతోపాటు వచ్చే జీవాల్ని తిరిగి నీళ్లలోకి విసిరేస్తారు. ఆయన అడిగి కొన్ని తెచ్చుకునేవారు. ఆయన పెట్టెలో ఒక సీసా ఉంది. అందులో తెల్లగా, నా అరచేతంత స్పాంజి. ఇది గిన్నెలు తోమేది కాదు వదినా, ప్రాణం ఉన్న జంతువు. కిలోమీటరుకి పైగా లోతున, వెలుతురు చొరని చోట, రాయిని కరుచుకుని బతుకుతుంది. ఒళ్లంతా కంటికి కనబడని గాజు సూదులు. చిన్న ముక్కని ఆమ్లంలో ఉడికిస్తే కండ కరిగిపోయి సూదులే మిగులుతాయి. ఏ జాతి సూదుల తీరు ఆ జాతిదే. ఆయన చేసిన స్లైడులో మామూలు సూదులతోపాటు, మధ్యలో ముడి ఉండి ఒక చివర కొక్కెంలా వంగినవి ఉన్నాయి. లోతునీటి స్పాంజిల గురించి దొరికిన పుస్తకాలన్నీ తిరగేశాను. ఇలాంటిది ఎవరూ రాయలేదు.

ఇది కొత్త జాతి అని ఆయన అనేవారు. రాసే తీరిక దొరకలేదు. ఇప్పుడు నేను రాస్తున్నాను. తను కనిపెట్టినదానికి తన పేరే పెట్టుకోవడం మా జువాలజీవాళ్లలో మర్యాద కాదు. ఇంకొకరు పెట్టాలి. అందుకని నేను పెడుతున్నాను. అచ్చయ్యేదాకా ఎవరికీ చెప్పకండి.

మీ
ఇందుజ


సామర్లకోట
3 జూలై 2024

చి॥ ఇందుజకు దీవెనలు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మూడుసార్లు అర్థం కాలేదు, నాలుగోసారి ఏడుపొచ్చింది. మా వాడి పేరు ఒక ప్రాణికి పెడతావా? అది ఎప్పటికీ ఉంటుందా? నువ్వూ నేనూ పోయాక కూడానా? సరిగ్గా రాయి, దాచకు.

ఆ పేరు ఎలా ఉంటుందో కూడా రాయి. నీ సూదుల గోల నాకెందుకు గానీ, వాటిని చూస్తూ కూర్చుంటే నీ కళ్లేం కావాలి? పొద్దున ఏమైనా తింటున్నావా, లేక టీ తాగి పోతున్నావా? ఇక్కడ నాకేం, వండుకున్నది రెండు పూటలకీ వస్తుంది. కాయితం మీద మాట్లాడటం బాగుంది. నువ్వు నెమ్మదిగా చెబుతున్నట్టుంది, నేను మళ్లీ మళ్లీ అడగక్కర్లేదు.

ఎవరికీ చెప్పనులే. నాకు చెప్పుకోవడానికి ఎవరున్నారు?

నీ వదిన
విశాలాక్షి


డిండోలి, సూరత్
9 సెప్టెంబరు 2024

వదినగారికి,

ఒప్పుకున్నారు! పత్రికవాళ్లు వ్యాసాన్ని ఇద్దరు నిపుణులకి పంపారట. ఈ గుంపు స్పాంజిల గురించి తెలిసినవాళ్లు ప్రపంచం మొత్తంలో ఒక గదిలో పడతారు. వాళ్లలో ఇద్దరు చదివి బాగుందన్నారు. ఆ కొక్కెం సూది ఫోటో ఇంకా దగ్గరగా, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో తీసినది ఒక్కటి పంపమన్నారు. అది అందితే అచ్చు వేస్తారు.

పేరు ఎలా ఉంటుందని అడిగారు కదా. మగవాళ్ల పేరు పెడితే చివర ఇకారం చేర్చాలి, అది లాటిన్ పద్ధతి. అందుచేత ‘జయదేవి’. మీరు నవ్వుతారని తెలుసు. అవును, ఎప్పటికీ ఉంటుంది. మనం పోయాక కూడా.

కబురు వచ్చినప్పుడు ల్యాబులో ఉన్నాను. ఎవరికైనా చెప్పాలనిపించి చుట్టూ చూశాను. పక్క బల్ల దగ్గర వినోద్ ఒక్కడే ఉన్నాడు, మిల్లు నీళ్లలో ఉప్పు కొలుస్తున్నాడు. చెబితే ‘అచ్ఛా, బఢియా’ అని మళ్లీ తన పనిలో పడ్డాడు. ఇంటికి వచ్చి కింద లింగవ్వకి సీసా చూపించాను. ‘ఏందమ్మా, గా సీసల ఏం తొక్కు పెట్టినవ్?’ అంది, పచ్చడి అనుకుని. ఇది మా ఆయన సముద్రంలోంచి తెచ్చిన జంతువు అన్నాను. ‘అయ్యో, సచ్చిందా పాపం?’ అని కాసేపు దానికేసే చూసింది. నాకు ఆ మాటే బాగుంది.

మీ
ఇందుజ


సామర్లకోట
14 అక్టోబరు 2024

నా బంగారు ఇందూ,

తిట్టకు. నేను మాట తప్పాను.

జయదేవి ఏమిటే! మా తమ్ముణ్ణి ఆడపిల్లని చేసేశావు. చిన్నప్పుడు వాడికి జడ వేసి పరికిణీ కట్టి ఫోటో తీయించాను. అప్పుడు పడ్డ కోపం వారం దాకా తగ్గలేదు. ఇప్పుడు ఏమనేవాడో.

సంగతేమిటంటే, వాడు చదివిన కాకినాడ కాలేజీకి వెళ్లాను. జువాలజీ హెడ్డు శివకృష్ణ అని, మంచి కుర్రాడు. నేను చెప్పగానే లేచి నిలబడ్డాడు. ‘మన కాలేజీ స్టూడెంటా అండీ!’ అని వాడి ఫోటో పెద్దది చేయించి, కింద ఆ లాటిన్ పేరు రాయించి, ల్యాబు గోడకి పెట్టించాడు. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. నాకు చప్పట్లు వినబడలేదు గానీ చేతులు కనబడ్డాయి. నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. వాడికి తల్లీ నేనే, అక్కా నేనే అని చెప్పి, మిగతాది చెప్పలేక కూర్చున్నాను.

వీధిలోవాళ్లకి కూడా తెలిసింది. రిక్షా అబ్బాయి కూడా అడుగుతున్నాడు. మనవాడు పోయినప్పటినుంచి నన్ను చూసి తల దించుకుని పోయేవాళ్లు ఇప్పుడు ఆగి పలకరిస్తున్నారు. ఇదంతా నీ చలవ. అచ్చైన కాయితం రాగానే రెండు పంపు, ఒకటి కాలేజీకి.

నీ వదిన
విశాలాక్షి


డిండోలి, సూరత్
20 నవంబరు 2024

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. ఫోటో పెట్టించినందుకు సంతోషం.

ఇక్కడ చలి ఇంకా మొదలవలేదు. దీపావళికి మగ్గాలు ఆగితే వీధంతా నిశ్శబ్దమైపోయింది, ఆ చప్పుడు లేకపోతే నిద్ర పట్టలేదు. లింగవ్వవాళ్లు ఊరికి వెళ్లి వచ్చారు, సకినాలు ఇచ్చింది. నాకు ల్యాబులో పని ఎక్కువగా ఉంది. ఫోటో పని కాస్త ఆలస్యమవుతోంది.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

ఇందుజ


సామర్లకోట
18 డిసెంబరు 2024

చి॥ ఇందుజకు,

నేను చదువుకున్నది తక్కువే కావచ్చు, కవరు బరువు చూసి లోపల ఏముందో చెప్పగలను. నీ కిందటి ఉత్తరం తేలిగ్గా ఉంది. అందులో వాడి ఊసే లేదు. సకినాలున్నాయి.

ఏమైంది? నీకు ఒంట్లో బాగాలేదా? మళ్లీ పెళ్లి ఆలోచన ఉంటే అది కూడా చెప్పు, నేనేం రాక్షసిని కాను. ఒక రోజు ఏడ్చి ఊరుకుంటాను. అంతేగాని నన్ను ఇలా గుమ్మంలో నిలబెట్టకు. కాలేజీనుంచి శివకృష్ణ రెండుసార్లు అడిగించాడు, కాయితం వచ్చిందా అని.

వదిన


డిండోలి, సూరత్
11 జనవరి 2025

వదినా,

పెళ్లీ లేదు, జబ్బూ లేదు. ఆ స్పాంజి కొత్తది కాదు.

పత్రికవాళ్లు ఫోటో అడిగారు కదా, దానికి పాత స్లైడు పనికిరాదు. స్పాంజినుంచి కొత్తగా ముక్క కోసి ఉడికించాలి. ఉడికించాను. మామూలు సూదులన్నీ ఉన్నాయి, కొక్కెం సూదులు లేవు. నా చేతి పొరపాటేమో అనుకుని పైనుంచి, అడుగునుంచి, లోపలినుంచి కోసి చూశాను. ఎక్కడా లేవు. ఆ సూదులు ఆయన చేసిన ఆ ఒక్క స్లైడులోనే ఉన్నాయి. అవి తీసేస్తే ఇది పుస్తకాల్లో ఉన్న పాత జాతే.

అప్పుడు ఆయన పెట్టెలోని మిగతా సీసాలన్నీ వరసగా చూశాను. ఒడ్డున రాళ్లమీద దొరికే మామూలు స్పాంజి ఒకటుంది, అందరికీ తెలిసినదే. దాన్నిండా కొక్కెం సూదులే. లోతునీటిదాన్ని ఒడ్డుదానితో పోల్చి చూడాలని నాకు తట్టలేదు. ఎవరికీ తట్టదు.

ఆయన ఒక గాజు గొట్టంలో ముందు ఒడ్డు స్పాంజిని ఉడికించారు. తర్వాత నీళ్లతో పైపైన కడిగి, అందులోనే దీన్ని ఉడికించారు. సూదులు గాజుకి అంటుకుని ఉండిపోతాయి, నీళ్లకి పోవు. ప్రతి స్పాంజికీ కొత్త గొట్టం వాడాలని మాకు మొదటిరోజే చెబుతారు. ఆయనకీ చెప్పే ఉంటారు.

అక్టోబరులో మీ ఉత్తరం వచ్చేనాటికే నాకు అనుమానం మొదలైంది. చప్పట్ల గురించి చదివాక చెప్పడానికి నోరు రాలేదు. స్పాంజి అయిపోయిందని అబద్ధం రాసి, ఉన్న ఫోటోతోనే సరిపెట్టమంటే వాళ్లు సరే అనేవారు. ఆ ఉత్తరం రాసి కూడా పెట్టుకున్నాను. చింపేశాను. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని నిన్న పంపేశాను. మీకు ముందే చెబితే వద్దనేవారు, నేను ఆగిపోయేదాన్ని. అందుకే చెప్పలేదు.

నన్ను ఏమన్నా పడతాను.

ఇందుజ


సామర్లకోట
2 ఫిబ్రవరి 2025

ఇందుజకు,

ఎవరు చూడొచ్చారు? సముద్రం అడుగున, వెలుతురు లేనిచోట ఉన్నదాని ఒంట్లో ఏ సూది ఉందో ఏ సూది లేదో ఎవడికి కావాలి? నువ్వే రాశావు, ఒక గదిలో పట్టేంతమంది అని. ఆ గదిలోవాళ్ల కోసం నా తమ్ముడి పేరు చెరిపేశావా?

వాడికి పిల్లలు లేరు. నాకు లేరు. నీకు లేరు. ఆ ఒక్కటీ ఉంటుందనుకున్నాను. నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదు నీకు. పెట్టడానికి నీకు హక్కుంది, తియ్యడానికి లేదు.

ఇక రాయకు.

విశాలాక్షి


డిండోలి, సూరత్
5 మార్చి 2025

వదినా,

రాయొద్దన్నారు. అయినా రాస్తున్నాను. చదవకుండా పడేస్తే పడెయ్యండి, మీరు పడెయ్యరని నాకు తెలుసు.

ఎవరు చూడొచ్చారు అన్నారు. ఎవరో ఒకరు చూస్తారు. రేపు కాకపోతే ముప్పై ఏళ్లకి, ఇంకెక్కడో కూర్చున్న ఒక పిల్ల ఆ సీసా తెప్పించుకుని ముక్క కోసి ఉడికిస్తుంది. సూది ఉండదు. మా శాస్త్రంలో తప్పుగా పెట్టిన పేరుని చెరిపెయ్యరు వదినా, అది తప్పు అని పక్కన రాసి అలాగే ఉంచుతారు. ఎప్పటికీ ఉంటుందా అని మీరు అడిగారు. ఉంటుంది. గొట్టం కడుక్కోని మనిషి అని, అచ్చులో, మనిద్దరం పోయాక కూడా. అప్పుడు ఆయన తరఫున మాట్లాడేవాళ్లు ఎవరూ ఉండరు.

ఆ స్పాంజికి నూరేళ్ల కిందటే పేరుంది. ఎవరో విదేశీయుడు తన ఓడలో పనిచేసిన డాక్టరు పేరు పెట్టాడట. ఆ డాక్టరు ఎవరో, ఎలాంటివాడో తెలుసుకుందామని వెతికాను. ఎక్కడా ఒక్క ముక్క దొరకలేదు. పేరు మాత్రం ఉంది.

మిమ్మల్ని అడగకుండా చేసినమాట నిజం. నాకు ఆయన పేరు అక్కర్లేక కాదు. ఆ వ్యాసం మీద కూర్చున్నన్నాళ్లూ ఇంట్లో ఆయన ఉన్నట్టే ఉండేది. పొద్దున లేవడానికి ఒక కారణం ఉండేది. ఇప్పుడు గదిలోకి వస్తే సీసాల్లో సీసాలే కనబడుతున్నాయి. మీ ఉత్తరం కూడా లేకపోతే నన్ను తెలుగులో పేరు పెట్టి పిలిచేవాళ్లు ఉండరు. లింగవ్వ నన్ను ‘మేడమమ్మా’ అంటుంది.

ఇందు


సామర్లకోట
9 మే 2025

ఇందూ,

నీ ఉత్తరం రెండు నెలలు బీరువాలో పెట్టాను. చదివే పెట్టాను. నీకు తెలుసన్నావుగా, నిజమే.

కిందటి వారం కాకినాడ వెళ్లాను. ఫోటో తియ్యించేద్దామని. శివకృష్ణకి ఉన్నదున్నట్టు చెప్పాను, తప్పు మావాడిదే అని. పాపం ఆ కుర్రాడు నొచ్చుకుని, ‘ఉండనివ్వండమ్మా, ఎవరడుగుతారు?’ అన్నాడు. ఫిబ్రవరిలో నేను నీకు రాసిన మాటే. వాడి నోట వింటే నాకే సిగ్గేసింది. ‘మా మరదలు అడుగుతుంది’ అన్నాను. అటెండరు వజ్రమ్మ స్టూలెక్కి దింపింది. గోడమీద తెల్లటి చదరం మిగిలింది.

బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. దారిలో సగానికి వచ్చేసరికి నవ్వు మొదలైంది. వాడు చిన్నప్పుడు పళ్లెం కడగమంటే దానికి నీళ్లు చూపించి బోర్లించేవాడే! ఎన్ని మొట్టికాయలు వేశానో. మర్నాడు తీస్తే అంచున మెతుకులు ఎండి అంటుకుని ఉండేవి. ‘కడిగానక్కా, ఒట్టు’ అనేవాడు. అంత చదువు చదివి, అంత సముద్రం తిరిగి, మళ్లీ అదే పని చేశాడు చూడు. బస్సులో జనం నాకు పిచ్చెక్కిందనుకుని ఉంటారు. ఇంటికి వచ్చి తలుపేసుకుని, వాడు పోయిననాడు ఏడవవలసిన ఏడుపు అప్పుడు ఏడ్చాను. నువ్వు తీసేసింది నా తమ్ముడి పేరు కాదు. ఆ పేరుతో గోడమీద ఉన్న మనిషి ఎవరో గొప్పవాడు, నాకు తెలియనివాడు. ఈ పళ్లెం కడగనివాడు నావాడు.

నిన్ను అనకూడని మాటలన్నాను. పిల్లల మాట మరీ అనకూడనిది. మనసులో పెట్టుకోకు.

ఒకటి అడుగుతాను. ఇంతకాలం స్పాంజి స్పాంజి అంటూ నీకు రాశానే గాని, అడగవలసింది అడగలేదు. అడిగితే నిజంగా పోయినట్టవుతుందని భయం. వాడు కంపెనీ బస్సెక్కుతూ పడిపోయాడని మాత్రమే నాకు తెలుసు. నేను వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ రోజు పొద్దున వాడు ఏమైనా తిని వెళ్లాడా? ఏం తిన్నాడు?

నీ వదిన
విశాలాక్షి


డిండోలి, సూరత్
23 మే 2025

వదినా,

తిన్నారు.

నేను పొద్దున ఆలస్యంగా లేచాను, మిగతావేవీ చెయ్యడానికి వేళ లేక ఉప్మా చేశాను. బస్సు వేళవుతోందని నిలబడే తిన్నారు. ప్లేటు నిండా పెట్టాను, పూర్తిగా తిన్నారు. ఇంకా ఉందా అని అడిగి, మిగిలినది టిఫిన్ డబ్బాలో పెట్టమన్నారు. వాన పడేట్టుందని గొడుగు ఇస్తే వద్దన్నారు. ‘ఆదివారం అక్కకి ఫోన్ చెయ్యాలి, గుర్తుచెయ్యి’ అన్నారు. మెట్లు దిగుతూ పక్కింటి ప్రమీలగారి కుక్కతో ఏదో మాట్లాడారు, నాకు వంటింట్లోకి నవ్వు వినబడింది. అంతే.

సాయంత్రం బస్సువాళ్లు ఆయన సంచీ తెచ్చి ఇచ్చారు. ఇల్లంతా జనం. ఆయన ఇంకా ముందుగదిలోనే ఉన్నారు, మీరు అందుకుంటారేమోనని చూస్తున్నాం. పొయ్యి వెలిగించకూడదని, నాకు పచ్చి మంచినీళ్లు కూడా ఇవ్వడానికి ఆలోచిస్తున్నారు. నేను సంచీ తీసుకుని వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసి, డబ్బా తెరిచి, ఆ ఉప్మా మొత్తం తినేశాను. ఎందుకు తిన్నానో నాకు తెలీదు. ఎవరైనా పారబోస్తారేమోనని అనిపించింది. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

అందులో ఉప్పు వెయ్యడం మరిచిపోయాను వదినా. ఆయన ఆ సంగతి చెప్పకుండా తిని వెళ్లారు.

ఇందు